నోటీసు వచ్చిందని ఫైలు కొనకండి, వంటగదిలో ఒకరికి పారేసే అధికారం ఇవ్వండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరులో 80 సీట్ల రెస్టారెంట్, పైన 24 గదుల లాడ్జి. ఆహార భద్రతా అధికారి తనిఖీకి వచ్చారు. ఫ్రిజ్‌లో పచ్చి చికెన్, వండిన కూరలు ఒకేచోట ఉన్నాయని, డబ్బాల మీద తేదీలు లేవని, పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు, పెస్ట్ కంట్రోల్ రికార్డులు లేవని రాసుకుని వెళ్లారు. తర్వాత ఇంప్రూవ్‌మెంట్ నోటీసు, అంటే లోపాలు దిద్దుకోమనే నోటీసు వచ్చింది. ఈలోగా ఒక కన్సల్టెంటు, పది రోజుల్లో ఐఎస్‌ఓ 22000 (ఆహార భద్రత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ ఇప్పిస్తాను, దాంతోపాటు ఆర్నెల్ల రికార్డుల ఫైలు కూడా తయారుచేసి ఇస్తాను అంటున్నాడు. తీసుకోవచ్చా, అసలు ప్రమాణం అంటే దేన్ని పట్టుకోవాలి అని మీ ప్రశ్న.

తీసుకోవద్దండీ. నేను స్టార్ హోటళ్ల హైజీన్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు రెస్టారెంట్లకు ఆడిట్లు చేస్తున్నాను. ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను. ఐఎస్‌ఓ సంస్థ స్వయంగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ప్రమాణం మాత్రమే రాస్తుంది. ఇచ్చేవి వేరే సంస్థలు. వాటికి మన దేశంలో ఎన్‌ఏబీసీబీ లాంటి మండలి గుర్తింపు ఉండాలి. అలాంటి సంస్థ రెండు దశల్లో ఆడిట్ చేస్తుంది, మీ వంటగదిలో ఆ పద్ధతి కొంతకాలంగా నడుస్తోందని నిజమైన రికార్డులు అడుగుతుంది. పది రోజుల్లో అయ్యే పని కాదు. ఇక ఆ ఆర్నెల్ల ఫైలు సంగతి ఇంకా ఘోరం. కొలవని ఉష్ణోగ్రతలు కొలిచినట్టు రాయడం అబద్ధపు పత్రం సృష్టించడమే. రేపు మీ దగ్గర తిన్నవాళ్లు ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఆ ఫైలే మీకు ఎదురు తిరుగుతుంది.

మీరు పట్టుకోవాల్సిన ప్రమాణం ఉచితంగానే దొరుకుతుంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 ఉంటుంది. దాంట్లో 5వ భాగం హోటళ్లు, క్యాటరింగ్ వంటశాలల గురించే. దాని ఆధారంగా దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక తనిఖీ పట్టిక తయారుచేసింది. మొత్తం 114 మార్కులు. మామూలు అంశానికి 2 మార్కులు, నక్షత్రం గుర్తు ఉన్నవాటికి 4. నక్షత్రం ఉన్న ఏ ఒక్కటి తప్పినా మిగతా మార్కులు ఎన్ని వచ్చినా ఫెయిల్ కిందే లెక్క. అధికారి చేతిలో ఉండేది ఈ పట్టికే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసి, అది పట్టుకుని మీ వంటగదిలో మీరే ఒకసారి తిరగండి. రద్దీ లేని మధ్యాహ్నం మూడింటికి కాదు, శనివారం రాత్రి తొమ్మిదింటికి తిరగండి.

చాలామంది కలిపేసుకునే విషయం ఇంకొకటి ఉంది. హోటల్ స్టార్లు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ. గదుల సైజు, లిఫ్టు, సదుపాయాలు, సేవలు అన్నీ చూసి ఇస్తారు. వంటగది శుభ్రతకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హైజీన్ రేటింగ్ అని వేరే ఉంది, ఐదు స్మైలీల దాకా ఇస్తారు. రెండూ ఒకటి కాదు. ఐదు నక్షత్రాల హోటల్లోనూ చెడ్డ ఫ్రిజ్ ఉండొచ్చు, నాలుగు బల్లల మెస్‌లోనూ అద్దంలాంటి వంటగది ఉండొచ్చు. రెండూ నేను చూసినవే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ నోటీసులో ఉన్న తప్పులు మీ ఒక్కరివి కాదు. 2024 వేసవి నుంచి హైదరాబాద్‌లో తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్స్ బృందాలు పేరున్న రెస్టారెంట్లలో వరుసగా తనిఖీలు చేసి, ఫొటోలతో సహా ఎక్స్‌లో పెట్టాయి. ఆ పోస్టుల్లో మళ్లీమళ్లీ కనిపించినవి ఇవే: తేదీ లేని డబ్బాలు, గడువు దాటిన సరుకు, పచ్చి మాంసం పక్కన వండిన కూర, మూతలేని చెత్తడబ్బాలు, మెడికల్ రికార్డులు లేకపోవడం. అందరూ ఒకే తప్పు చేస్తున్నారంటే అది తెలియక జరుగుతున్నది కాదు. స్టిక్కర్ అంటించాలని మీ మాస్టర్‌కి తెలుసు. అంటిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. తేదీ దాటిందని తేలిన డబ్బాను పారేయాలి. పారేస్తే యజమాని అడుగుతాడు. అందుకే అంటించడు.

మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. వంటగదిలో ఎవరో ఒకరికి, మిమ్మల్ని అడగకుండా ఆహారం పారేసే అధికారం ఉండాలి. మాస్టర్‌కి కాదు, మాస్టర్ తన చేతి వంటను తాను పారేయలేడు. వంటతో సంబంధం లేని సూపర్‌వైజర్ ఒకరికి ఇవ్వండి. ఆ మనిషి ఐదు కిలోల గ్రేవీ పారేస్తే ఆ రాత్రి మీరు ముఖం చిట్లించకూడదు. ఒక్కసారి చిట్లించారంటే ఆ క్షణంతో మీ క్వాలిటీ వ్యవస్థ అయిపోయినట్టే, ఎన్ని రిజిస్టర్లు పెట్టినా మళ్లీ రాదు. పారేసిన ప్రతిదీ ఒక పుస్తకంలో రాయించండి: ఏమిటి, ఎంత, ఎందుకు. నెలాఖరున ఆ పుస్తకం చూసి, ఎక్కువగా పారేస్తున్నది ఏదో దాన్ని తక్కువ వండించండి. నష్టం తగ్గేది అక్కడ. పాతదాన్ని వేడిచేసి వడ్డించి తగ్గించుకునేది కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన వంటల్లో నిజమైన ప్రమాదం కంటికి కనిపించదు, ముక్కుకూ తెలియదు. బొద్దింక కనిపిస్తే అందరం గొడవ చేస్తాం. కానీ మనుషుల్ని ఆసుపత్రికి పంపేది ఎక్కువగా బాగానే కనిపించే అన్నం, బాగానే వాసన వచ్చే గ్రేవీ.

అన్నం తీసుకోండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గింజలు, అంటే కంటికి కనిపించని స్పోర్లు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నాన్ని గదిలో అలాగే వదిలేస్తే ఆ గింజలు మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. తర్వాత ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. నిన్నటి అన్నంతో ఈరోజు ఫ్రైడ్ రైస్ బాగా పొడిపొడిగా వస్తుందని చైనీస్ కౌంటర్ మాస్టర్లందరూ చెబుతారు, అదీ నిజమే. కానీ ఆ అన్నం రాత్రంతా ఎక్కడ ఉందన్నదే ప్రశ్న. పల్చగా ట్రేలలో పరిచి, వెంటనే చల్లార్చి, 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో ఉంచితే సరే. గిన్నెలో మూతపెట్టి గట్టు మీద వదిలేస్తే మాత్రం పొద్దున చెత్తబుట్టలోకే.

చికెన్, మటన్ గ్రేవీలది ఇంకో కథ. వాటిలో క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దీని గింజలూ ఉడికినా బతుకుతాయి. గాలి తగలని చోట, గోరువెచ్చని వేడిలో, అంటే 43 నుంచి 47 డిగ్రీల దగ్గర, దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఇరవై లీటర్ల గ్రేవీ గిన్నెను రాత్రి పదకొండుకి స్టవ్ మీద నుంచి దించి మూతపెట్టి వెళ్లిపోతే, దాని నడిమధ్య ఆ వేడి తెల్లవారుదాకా ఉంటుంది. అలాగే ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టినా పరిస్థితి మారదు. పైన చల్లబడుతుంది, మధ్యలో వెచ్చగానే ఉంటుంది. పైగా దాని వేడికి ఫ్రిజ్‌లోని మిగతా సరుకూ వేడెక్కుతుంది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పట్టిక చెప్పేది ఇదీ. వండినదాన్ని నిల్వ చేయాలంటే 60 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో రావాలి, అక్కడి నుంచి 5 డిగ్రీలకు ఇంకో రెండు గంటల్లో రావాలి. వేగంగా చల్లార్చే యంత్రం, బ్లాస్ట్ చిల్లర్ ఉంటే సులువు. లేకపోతే రెండంగుళాల లోతు మించకుండా వెడల్పు ట్రేలలో పోసి, ఐసు నీళ్ల తొట్టిలో పెట్టి, మధ్యమధ్య కలుపుతూ చల్లార్చాలి. ఫ్రిజ్‌లో పెట్టాక పూర్తిగా చల్లబడేదాకా ట్రేల మీద మూత కొంచెం ఓరగా ఉంచండి. మళ్లీ వాడేటప్పుడు లోపలి వేడి 75 డిగ్రీలకు చేరి, ఆ వేడిలో కనీసం రెండు నిమిషాలు ఉండాలి. ఒకసారి వేడిచేసింది మిగిలితే మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకూడదు. వడ్డించేదాకా వేడిగా ఉంచేది శాకాహారమైతే 65, మాంసాహారమైతే 70 డిగ్రీల్లో, చల్లగా ఉంచేది 5కి లోపు, ఫ్రీజర్ మైనస్ 18. ఈ నాలుగైదు అంకెలు మీ వంటగది గోడ మీద తెలుగులో, హిందీలో, మీ దగ్గర ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లుంటే వాళ్ల భాషల్లో కూడా పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇంగ్లిషు పోస్టర్ అతికిస్తే ఆడిటర్ చదువుకుంటాడు, వంటవాడు చదవడు.

బిర్యానీ గురించి విడిగా అడుగుతారని తెలుసు. దమ్ హండీ పెద్దది, మూత సీలు చేసి ఉంటుంది కాబట్టి తెరిచేదాకా వేడి బాగానే నిలుస్తుంది. తెరిచాక సగం అయిపోయిన హండీలో, గరిటె పెట్టిన చోట వేడి చకచకా తగ్గిపోతుంది. గంటకోసారి థర్మామీటర్ గుచ్చి చూడాల్సింది అప్పుడే. రాత్రి మిగిలిన బిర్యానీని మర్నాడు అమ్మే ఆలోచనే మానుకోండి. అన్నం, మాంసం రెండూ కలిసి ఉన్నది, పైన చెప్పిన రెండు ప్రమాదాలూ అందులోనే ఉన్నాయి.

టిఫిన్ల దగ్గర ఇడ్లీ పిండి గురించి అందరూ టెన్షన్ పడతారు. నన్నడిగితే పిండి కన్నా చట్నీని చూడండి. పులిసిన పిండిలో ఆమ్లం ఉంటుంది, పైగా ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది. కొబ్బరి చట్నీకి ఆ రెండు రక్షణలూ లేవు. ఉడకని కొబ్బరి, మామూలు నీళ్లు, మే నెలలో కౌంటర్ మీద నాలుగు గంటలు, దాంట్లో పదిమంది సప్లయర్లు ముంచే ఒకే గరిటె. శుద్ధిచేసిన చల్లటి నీళ్లతో రుబ్బించండి, కొద్దికొద్దిగా రెండు మూడు దఫాలుగా చేయించండి, మిగతాది ఫ్రిజ్‌లో ఉంచండి. పాత చట్నీలో కొత్త చట్నీ కలపడం పూర్తిగా ఆపించండి. సాంబారు అంత ప్రమాదం కాదు, స్టవ్ మీద మరుగుతూ ఉన్నంతసేపు.

వీటన్నిటికీ కావాల్సిన పరికరం ఒక్కటే, గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్. పెద్ద ఖర్చు కాదు, రెండు కొనండి: ఒకటి పచ్చి మాంసానికి, ఒకటి వండినవాటికి. వారానికోసారి గ్లాసు నిండా ఐసుముక్కలు వేసి, కొంచెం నీళ్లు పోసి, అందులో పెట్టి చూడండి. సున్నా చూపించాలి, ఒక డిగ్రీ అటూఇటూ అయితే పర్వాలేదు. అంతకన్నా తేడా ఉంటే మార్చేయండి. శాకాహారం లోపల 65 డిగ్రీల్లో 2 నిమిషాలు, మాంసాహారం 70 డిగ్రీల్లో 2 నిమిషాలు లేదా 75 డిగ్రీల్లో 15 సెకన్లు ఉడకాలని పట్టిక చెబుతుంది. తందూరీ చికెన్ లెగ్‌లో ఎముక పక్కన గుచ్చండి. బయట నల్లగా మాడినా అక్కడ తక్కువ ఉండే అవకాశం ఎక్కువ.

మీ నోటీసులోని ఫ్రిజ్ విషయానికి వస్తే, పచ్చి మాంసానికి వేరే ఫ్రిజ్ కొనడమే మంచిది. కొనేదాకా ఉన్నదాంట్లోనే పై అరల్లో వండినవి, అట్టడుగున మూత ఉన్న డబ్బాల్లో పచ్చి చికెన్, చేప. చికెన్ నీళ్లు కిందికి కారతాయి కాబట్టి ఈ వరుస ఎప్పుడూ మారకూడదు. ఫ్రీజర్ నుంచి తీసిన మాంసాన్ని సింకులో వదిలి కరిగించొద్దు. ముందు రోజే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. స్టిక్కర్ మీద మూడే ఉండాలి: పేరు, తయారైన తేదీ సమయం, ఎప్పటిలోగా వాడాలి. వంటవాళ్లకు రాయడం కష్టమైతే వారానికి ఏడు రంగుల స్టిక్కర్లు పెట్టుకోండి, సోమవారం ఒక రంగు, మంగళవారం ఒక రంగు. చదువు రానివాళ్లు కూడా తప్పు పట్టగలరు. కత్తులు, చాపింగ్ బోర్డులకూ అంతే, పచ్చి మాంసానికి ఎరుపు, కూరగాయలకు ఆకుపచ్చ, చేపకు నీలం. చీలికలు పడిన మటన్ మొద్దు ఉంటే దాన్ని తీసేయండి, చీలికల్లోకి బ్రష్ వెళ్లదు.

రికార్డుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కన్సల్టెంట్లు మిమ్మల్ని మోసం చేసేది ఇక్కడే. నెల మొత్తం ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజుకు మూడుసార్లు 4, 4, 4 అని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే ఆ పుస్తకాన్ని నేను అక్కడే మూసేస్తాను. నిజంగా నడిచే ఫ్రిజ్ 3 చూపిస్తుంది, 6 చూపిస్తుంది, రద్దీ వేళ తలుపు పదేపదే తెరిస్తే 8 చూపిస్తుంది. 8 అని రాసి, పక్కనే "తలుపు రబ్బరు పాడైంది, మెకానిక్‌ను పిలిచాం, పాలు పక్క ఫ్రిజ్‌లోకి మార్చాం" అని రాసిన పేజీ కనిపిస్తే ఆ వంటగది మీద నాకు నమ్మకం కుదురుతుంది. అధికారులకూ అంతే. మీ పనివాళ్లకు చెప్పండి: తప్పు అంకె రాస్తే తిట్టను, అంకె దాస్తేనే తిడతాను అని. పుస్తకాలు కూడా ఎక్కువ వద్దు. ఫ్రిజ్‌లు, వంట వేడి, చల్లార్చడం, వచ్చిన సరుకు, శుభ్రత, పారేసినవి. ఇరవై ఫారాలు పెడితే అన్నీ రాత్రి పడుకునే ముందు ఒకేసారి నింపుతారు.

వండిన పదార్థం శాంపిల్ ల్యాబ్‌కి పంపిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. పంపించాలి, లైసెన్సు షరతుల్లో ఆర్నెల్లకోసారి పరీక్షల మాట ఉంది. కానీ ఒక ప్లేటు బాగుందని రిపోర్టు వస్తే మిగతా ప్లేట్లు బాగున్నట్టు కాదు. 1960ల్లో నాసా కోసం అంతరిక్ష యాత్రికుల ఆహారం తయారుచేసిన పిల్స్‌బరీ కంపెనీకి ఇదే సమస్య వచ్చింది. చివర్లో పరీక్ష చేసి నమ్మకం తెచ్చుకోవాలంటే తయారైనదంతా పరీక్షలకే అయిపోతుంది. అందుకే తయారీలో ఏ దశలో ప్రమాదం పుడుతుందో అక్కడే కాపు కాయాలన్న పద్ధతి పుట్టింది. ఈరోజు హ్యాసప్ అని పిలిచేది అదే. మీ వంటగదిలో ఆ దశలు మూడు: సరిగ్గా ఉడకడం, త్వరగా చల్లారడం, పచ్చిది వండినదానికి తగలకపోవడం. ఈ మూడింటినీ చేతిలో పెట్టుకుంటే ఐఎస్‌ఓ 22000 తర్వాత నిదానంగా ఆలోచించవచ్చు. పెద్ద కంపెనీల క్యాటరింగ్ ఆర్డర్లు కావాలంటే అది ఉపయోగమే.

మనుషుల విషయం. పనివాళ్లందరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ లాంటి పేగు జబ్బులకు టీకా, డాక్టర్ సంతకంతో సర్టిఫికెట్ ఉండాలి. అవి హోటల్లోనే ఉండాలి, మీ ఇంట్లో బీరువాలో కాదు. 25 మంది పనివాళ్లకు ఒకరు చొప్పున ఫోస్టాక్, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార భద్రతా శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఉండాలి. పారేసే అధికారం నేను ఎవరికి ఇమ్మన్నానో ఆ మనిషినే ఈ శిక్షణకు పంపండి. అయితే సర్టిఫికెట్ జనవరిలో తీసుకున్న కుర్రాడికి ఆగస్టులో విరేచనాలు పట్టుకుంటే ఏం చేస్తారు? రోజుకూలీ పోతుందని అతను చెప్పడు, అదే చేతులతో ఉల్లిపాయలు తరుగుతాడు. విరేచనాలు, వాంతులు, చేతి మీద చీము పట్టిన గాయం ఉన్నవాళ్లకు జీతంతో సెలవు ఇవ్వండి. చేతి గాయాల నుంచీ, ముక్కు నుంచీ వచ్చే స్టాఫిలోకోకస్ బ్యాక్టీరియా విషం కూడా వేడికి పోదు. మీరు ఇచ్చే మూడు రోజుల జీతం కన్నా చవకైన ఆహార భద్రత ఇంకొకటి లేదని నా నమ్మకం. చేతులు కడుక్కునే సింకు వంటగదిలోనే, గిన్నెల సింకుకు వేరుగా, సబ్బుతో ఉండాలి. అది దూరంగా ఉంటే ఎవరూ వెళ్లరు.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పెరిగే పదార్థాలు) 25 శాతం దాటకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. మీటరు కొనలేకపోతే పరీక్ష స్ట్రిప్పులు దొరుకుతాయి. నురగ పడుతున్నా, నల్లబడి జిగటగా ఉన్నా ఆగకుండా తీసేయండి, వాడిన నూనెను గుర్తింపు ఉన్న సేకరణదారుకే ఇవ్వండి, బండివాళ్లకు అమ్మొద్దు. రోజుకు 50 లీటర్లు దాటి వాడేవాళ్లు దీనికి లెక్క కూడా రాయాలి. బిర్యానీలో, కబాబుల్లో కృత్రిమ రంగు వేయడానికి అనుమతి లేదు, ఎర్రగా ఉండాలని కస్టమరు అడిగినా సరే. కశ్మీరీ మిర్చి చాలు. షవర్మా, మోమో కౌంటర్ పెట్టే ఆలోచన ఉంటే పచ్చి గుడ్డు మయోనైజ్ జోలికి పోకండి. హైదరాబాద్‌లో జనం అస్వస్థత పాలై ఒక ప్రాణం పోయాక తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, ఆ ప్రమాదానికి రాష్ట్ర సరిహద్దు లేదు. పార్శిల్ బజ్జీలు న్యూస్‌పేపర్‌లో కట్టకూడదు. సలాడ్ కూరగాయలు 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాముల) క్లోరిన్ నీళ్లలో ఉంచి, మంచినీళ్లతో కడగాలి. బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరు 2022 జనవరి నుంచి తప్పనిసరి, మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఐదు నిమిషాల్లో పెట్టేస్తాడు.

లాడ్జి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు కానీ అక్కడా రెండు విషయాలు తప్పకుండా చూడాలి. ఒకటి, గది శుభ్రం చేసేవాళ్ల గుడ్డలు. టాయిలెట్ తుడిచిన గుడ్డతోనే తాగునీటి గ్లాసు తుడవడం చాలా లాడ్జిల్లో జరుగుతోంది. రంగులు వేరు చేయండి, గ్లాసులు గదిలో కడగనివ్వకండి, కిందికి తెప్పించి వంటగది గ్లాసులతోపాటే కడిగించండి. రెండోది నీళ్లు. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లలో పలువురు అంతుచిక్కని న్యుమోనియాతో చనిపోయారు. ఆ బ్యాక్టీరియాకు లీజియోనెల్లా అని పేరు పెట్టింది ఆ తర్వాతే. గోరువెచ్చగా నిలిచిపోయిన నీళ్లలో అది పెరుగుతుంది, షవర్ తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. సెంట్రల్ వేడినీళ్ల ట్యాంకు ఉంటే 60 డిగ్రీలకు తగ్గనివ్వకండి. అద్దెకు పోని గదుల్లో వారానికోసారి అన్ని ట్యాపులు, షవర్లు కొన్ని నిమిషాలు తిప్పి వదలండి. షవర్ తలలు విప్పి గార తీయించండి. దుప్పట్లు మంచానికి మూడు జతలు ఉంటే, ఒకటి పరుపు మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి అల్మరాలో. రెండే ఉన్నచోట ఉతకని దుప్పటి దులిపి మళ్లీ వేయడం మొదలవుతుంది.

అధికారి శాంపిల్ తీసుకుంటే మీ హక్కులు తెలుసుకోండి. శాంపిల్ ధర మీకు చెల్లించాలి. మామూలుగా శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది, 14 రోజుల్లో రిపోర్టు రావాలి. మీరు అక్కడికక్కడే అడిగితే ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ల్యాబ్‌కి పంపించాలి. రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అధికారితో గొడవ పడాల్సిన అవసరం లేదు, ఈ విషయాలు మర్యాదగా అడిగితే చాలు.

ఇక నోటీసుకు జవాబు. సెక్షన్ 32 కింద వచ్చే ఇంప్రూవ్‌మెంట్ నోటీసుకు కనీసం 14 రోజుల గడువు ఇస్తారు. దాన్ని దాటనిస్తే లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు, అప్పటికీ దిద్దుకోకపోతే సంజాయిషీ అడిగి రద్దు చేయొచ్చు. నిర్ణయం అన్యాయం అనిపిస్తే ఆహార భద్రతా కమిషనర్‌కు 15 రోజుల్లో అప్పీలు ఉంది. మీకు అంతదాకా రాదు. ఈ వారమే వైద్య పరీక్షలు చేయించండి, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లతో ఒప్పందం రాసుకోండి, ఫ్రిజ్ సర్దించి, తేదీలేని ప్రతి డబ్బా పారేయించండి. జవాబులో ఒక్కో లోపానికి ఎదురుగా ఏం చేశారో, ఏ తేదీన చేశారో రాసి, ఫొటోలు, బిల్లులు జతచేయండి. పాత రికార్డులు అడిగితే "లేవు, ఫలానా తేదీ నుంచి రాస్తున్నాం" అని నిజం రాయండి. ఇంకా పూర్తికాని పని ఉంటే, ఉదాహరణకు రెండో ఫ్రిజ్ ఆర్డర్ ఇచ్చి ఇంకా రాకపోతే, ఆర్డర్ కాపీ పెట్టి ఎప్పటికి వస్తుందో చెప్పండి. జవాబు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. మళ్లీ తనిఖీకి వచ్చినప్పుడు అధికారిని వంటగదిలో తిప్పే పని మీరు చేయకండి, ఆ సూపర్‌వైజర్‌కే అప్పగించండి, పారేసిన వాటి పుస్తకం అతని చేతిలో ఉండనివ్వండి.